పాత కొసకు కొత్త పోగు

నగరిలో మా వీధిలో ఏ ఇంట్లోనైనా బిడ్డ రాత్రంతా సతాయిస్తే, తెల్లారినాక ఆ తల్లి చేసే మొదటి పని వాణ్ణి చంకనేసుకొని చంద్రిక ఇంటికి పోవడం. "అక్కా, కాసేపు సూస్తా ఉండు, నేనొక కునుకు తీసి వస్తా" అని వాణ్ణి ఆమె వొళ్లో పెట్టి పోతాది. చంద్రిక ఎట్లాగూ మేలుకొనే ఉంటాది. మగ్గాలు పోయినప్పటినుంచి ఆమె నిద్రపోలేదు, మూడేండ్లయింది. మిద్దె మీద మామిడి తాండ్ర ఆరబెట్టినోళ్లు కోతులు రాకుండా సూడమంటారు, ఊరికి పోయేవోళ్లు తాళంచెవి ఇచ్చి పోతారు. ఈనే కుక్క గూడా ఆమె గడప కాడికే వస్తాది.

ఒక్కటి మాత్రం ఆ ఇంటికి పోయి ఎవురూ అడగరు, పెరుగు తోడు. ఆ ఇంట్లో పాలు తోడుకోవు. ఎంత పుల్లటి మజ్జిగేసినా తెల్లారి సూస్తే పాలు పాల మాదిరే ఉంటాయి. పాలు పెరుగు కావాలంటే కదలకుండా పడుకోవాల గదా, ఆ ఇంట్లో ఏదీ పడుకోదు. అందుకని పక్కింటి ప్రసన్నకుమారి దినమూ ఒక గిన్నెడు పెరుగు తెచ్చి ఇచ్చి పోతాది. దాని గురించి ఎవురూ ఏమీ అనుకోరు. మనకు లేని కష్టం కాబట్టి మనకేం, సులభంగానే అలవాటయిపోయింది.

చంద్రిక మాత్రం నరకం పడతా ఉండాది. ఆమె పుట్టింది మగ్గాల సందులో, మెట్టింది మగ్గాలున్న ఇంట్లో. పసిబిడ్డప్పుడు ఉయ్యాల కట్టింది గూడా మగ్గం పక్కన్నే. నగరిలో అట్లాంటోళ్లు చానామంది ఉండారు, మగ్గం టకటక ఆడతా ఉంటే నిద్ర, కరెంటు పోయి నిలిస్తే మెలకువ. నేత నడవక ఆ ఇంటి రెండు మరమగ్గాలూ పాత ఇనుము కింద లారీ ఎక్కిన పొద్దు, చంద్రిక వాకిట్లో నిలబడి సూసింది. ఆ పొద్దు ఆమెకు ఇంగా గుంకలేదు. నిద్రపోతేనే గదా ఒక దినం ముగిసి ఇంగో దినం వచ్చేది. "పొద్దున మగ్గాలు తీసకపోయినారు" అంటాది ఈనాటికీ. వాళ్లమ్మ పోయి ఏడాది దాటింది, దాన్ని గూడా "పొద్దున అమ్మ పోయింది" అనే అంటాది. ఆమె ఏడ్చింది లేదు. అన్నీ ఒకే పొద్దులో వచ్చి పడితే ఏ కష్టానికని ఏడస్తాది పాపం.

ఆమె మొగుడు దేవేంద్ర. మేనత్త కొడుకే, "మామా" అని పిలుస్తాది. మగ్గాలు పోయినాక కార్ల వైరింగు పని నేర్చుకొని, పుత్తూరు రోడ్డులో మునీంద్ర షెడ్డులో కుదురుకున్నాడు. మునీంద్ర ఇంజన్లు దించి ఎక్కిస్తాడు, దేవేంద్ర వాటికి కరెంటు పారిస్తాడు. మగ్గం మీద వేల పోగులు సూసుకున్న కండ్లకు కారులో వైర్లు ఒక లెక్కా? తొందరగానే పని వచ్చింది.

ఈ మధ్య చంద్రిక వాలకం మారిపోయింది. పొయ్యి మీద ఏం పెట్టిందో మరిచిపోతాది. మనిషి ఎండిపోయింది. తిరపతి పెద్దాసుపత్రిలో చూపిస్తే మాత్రలిచ్చినారు, అవి మంచినీళ్లు తాగినట్టే పోయినాయి. "గుండె బాగా అలిసిపోయిందప్పా, ఇంగ ఎన్నాళ్లో ఓర్చుకోదు" అన్నాడు డాక్టరు, ఫ్యాను కల్లా సూస్తా. దేవేంద్ర ఆమెను ఏకాంబరకుప్పంలో ఆడతా ఉండే మగ్గాల కాడ గూడా పడుకోబెట్టి సూసినాడు. ఒక పూటంతా కండ్లు తెరుచుకొని పడుకొని, లేచి వచ్చేసింది.

"అది మన మగ్గం కాదు మామా. మన మగ్గానికి కొస లేకుండా పోయింది గదా" అనింది.

ఆ మాట దేవేంద్రకు ఈటె మాదిరి దిగింది. ఎందుకంటే కోసింది వాడే. నేతోళ్లు మగ్గాన్ని ఎప్పుడూ బోడి చెయ్యరు. ఒక పడుగు అయిపోవస్తా ఉంటే జానెడు పాత కొసలు మిగిల్చి పెడతారు. వేళ్లకు విబూది అద్దుకొని, ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త పోగు మెలేసి అతకతారు. వాళ్ల నాయన పడుగు కొసలకు దేవేంద్ర అట్లనే అతికినాడు, వాళ్ల తాత కొసలకు నాయన అతికినాడు. మగ్గం బోడిగా నిలిస్తే ఆ ఇంటి పని ఆడికి సరి. లారీవోడు తొందర పెడతా ఉంటే ఆ పొద్దు దేవేంద్ర బ్లేడు తీసుకొని ఒక్క పోగు గూడా లేకుండా కోసేసినాడు. మగ్గం ఇనుము అయిపోయింది.

ఏకాంబరకుప్పం నుంచి వచ్చినప్పటినుంచి చంద్రికను ఇంట్లో ఒంటిగా వదలాలంటే వాడికి భయం. రైలు కట్ట దగ్గర్లోనే ఉండాది. పొద్దున్నే క్యారియర్ కట్టుకొని ఇద్దరూ షెడ్డుకే వస్తారు. ఆమె స్టూలు మీద కూర్చొని వైర్లు అందిస్తా ఉంటాది, ఎర్రది అంటే ఎర్రది, నల్లది అంటే నల్లది. ఒకోసారి చేతిలో వైరు పట్టుకొని అట్లనే నిలిచిపోయి అడగతాది.

"మామా, ఇంగా గుంకలేదా ఈ పొద్దు?"

"గుంకతాది లేమ్మా."

"ఏదో ఒకటి చెయ్యి మామా. నా వల్ల కాలేదు. సచ్చిపోయినా బాగుండు, పడుకున్నట్టయినా ఉంటాది."

మునీంద్ర ఇది విని పానా కింద పెట్టి బయటికి పోతాడు, ఊరికే రోడ్డు సూసి వస్తాడు.

ఇట్లుండంగా తులసీరాం కారు వచ్చింది. తులసీరాం తిరపతిలో లాడ్జి నడిపే మనిషి. వాళ్ల నాయన కొన్న పాత అంబాసిడర్ అది, పాత ఇంజను దించి కొత్త ఇంజను ఎక్కించమన్నాడు. మునీంద్ర ఎక్కించినాడు. అయితే ఆ కారులో మొదట ఉన్నింది రెండే ఫ్యూజులు. కొత్త ఇంజనుకు అట్ల చాలదు. పెట్రోలు పంపుకొకటి, రేడియేటరు ఫ్యానుకొకటి, స్టార్టరుకొకటి, లైట్లకొకటి, ప్రతిదానికీ ఒక ఫ్యూజు, ఒక రిలే కావాల. ఫ్యూజు సంగతి తెలిసిందే, కరెంటు ఎక్కువైతే తాను కాలిపోయి మిగతాది కాపాడతాది. రిలే అంటే అగ్గిపెట్టంత డబ్బీ, చిన్న కరెంటు పోయి తట్టితే లోపల టక్కుమని పెద్ద కరెంటుకు వాకిలి తెరస్తాది. అవన్నీ వరసగా ఒక పలక మీద బిగించి, బ్యానెట్టు కింద పెట్టి, ముందు నుంచి వెనక దాకా కొత్త వైర్లు లాగాల. అదీ దేవేంద్ర పని.

తులసీరాం ఒకటే మాట చెప్పినాడు.

"జానెడు పాత వైరు గూడా నా కారులో ఉండకూడదు దేవేంద్రా. ఎలకలు కొరికిన వైర్లు అంటుకొని దామలచెరువు కాడ మా ఆమె చెయ్యి కాలింది. ఈనాటికీ లైటు ఆర్పి పడుకోదు, మధ్యలో లేచి వాసన సూస్తాది. పనయినాక కాణిపాకం పోదాం. వినాయకుని ముందర నువ్వు సత్యం చెయ్యాల, పాత వైరు లేదని."

మా పక్క జనం పోలీసు స్టేషన్లో అబద్ధం చెప్తారు, కోర్టులో చెప్తారు, కట్టుకున్నదానికీ చెప్తారు. కాణిపాకంలో మాత్రం చెప్పరు. దేవేంద్ర సరే సార్ అన్నాడు, మనసులో గూడా సరే అనుకొనే అన్నాడు.

పని బాగానే జరిగింది. పాత వైర్ల కట్టంతా పీకినాడు, అది ఎలకల కంపుతో బయట పడింది. చెక్క మీద మేకులు కొట్టి, కారు పొడుగునా ఏ వైరు యాడ మలుపు తిరగాలో లెక్క పెట్టుకొని, రంగు రంగు వైర్లు పరిచి, గుడ్డ టేపు చుట్టినాడు. సూస్తే పడుగు తోడినట్టే ఉన్నింది. ఆఖరికి డ్యాష్‌బోర్డు వెనకాల, ఫ్యాను రిలేకు కరెంటు వచ్చే చోట, జానెడు పాత వైరు మిగిలింది. కటింగ్ ప్లేయరు దాని మీద పెట్టినాడు. నొక్కలేక పోయినాడు. ఎదురుగా స్టూలు మీద చంద్రిక కూర్చొని ఉంది, రెప్ప వేయకుండా సూస్తా. ఆ పొద్దు గూడా అట్లనే సూసింది.

తర్వాత వాడి చేతులు ఏం చేసినాయో వాడికే సరిగా తెలీదు. షెడ్డు గోడ మీద సామి పటం ముందర ఉండే విబూది వేళ్లకు అద్దుకొని, పాత కొసకు కొత్త వైరు నేతోళ్ల మెలి వేసి అతికినాడు, టేపు చుట్టినాడు. మగ్గం మీద అది నూరేండ్ల అలవాటు. కరెంటు పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు. బూడిద మధ్యలో ఉంటే కరెంటు సక్రమంగా పారుతుందా? తప్పని తెలిసీ దేవేంద్ర డ్యాష్‌బోర్డు మూసి స్క్రూలు బిగించినాడు. రేపు తీద్దాం లే అనుకున్నాడు.

ఆ రేపటి పొద్దున్నే తులసీరాం వచ్చి కారు తీసుకొని కాణిపాకం పోవాల. పూజకు నిమ్మకాయలు, పూలదండ ముందే సీట్లో పెట్టించినాడు. తెల్లారి ఆయన ఇంగా రాకముందే, చంద్రిక వెనక సీట్లో కూర్చొని మిగిలిన టేపు ముక్కలు ఏరతా ఉంది. మునీంద్ర కీ తిప్పినాడు. ఇంజను ఒక్క గుక్కకే లేచింది. మునీంద్ర నవ్వతా ఫ్యాను స్విచ్చి వేసినాడు.

టక్. టకటక, టకటక, టకటక.

ఫ్యాను కొంచెం తిరిగి నిలస్తా ఉంది, మళ్లీ తిరగతా ఉంది. పలకలో రిలే ఆగకుండా కొట్టుకుంటా ఉంది.

"ఏందప్పా ఇది. యాడో కరెంటు అందలేదు, రిలే వాకిలి తెరిచి మూసి తెరిచి మూసి చేస్తాండాది" అన్నాడు మునీంద్ర.

దేవేంద్రకు తెలుసు యాడో. మొగం తెల్లబోయింది. టెస్టరు తీసుకొని డ్యాష్‌బోర్డు కిందికి దూరబోతా, వెనక సీటు కల్లా సూసినాడు.

చంద్రిక చేతిలో టేపు ముక్క జారిపోయింది. రెప్పలు కిందికి వచ్చినాయి, మళ్లీ లేచినాయి, మళ్లీ వచ్చినాయి. తల సీటుకు ఆనింది. కాళ్లు పైకి ముడుచుకొని, పసిబిడ్డ మాదిరి పక్కకు ఒరిగి, నోరు కొంచెం తెరిచి నిద్రపోయింది.

దేవేంద్ర కదల్లేదు. మునీంద్ర కదల్లేదు. మూడేండ్ల తర్వాత ఆ ఆడమనిషి ఊపిరి నిదానంగా పోయి రావడం ఇద్దరూ సూసినారు. మునీంద్ర మెల్లగా ఇంజను ఆపి, కీ మాత్రం అట్లనే పెట్టి, బ్యాటరీకి చార్జరు తగిలించినాడు. రిలే ఆడతానే ఉంది.

"ఎంతసేపు ఆడతాది?" అని గొంతు తగ్గించి అడిగినాడు.

"లోపల కొట్టుకునే ముల్లు కాలిపోయేదాకా. దానికంటే ముందు అతుకు వేడెక్కతాది. ఫ్యూజు గూడా కాపాడదు మునీంద్రా, కరెంటు ఎక్కువయితేనే గదా అది కాలేది. ఇది ఉండే కరెంటుకే కాలతాది."

"అయితే కారు అంటుకుంటాది."

"అంటుకోనీను."

దేవేంద్ర డ్యాష్‌బోర్డు విప్పి, ముందు సీటు కింద వెల్లకిలా పడుకొని, చెయ్యి లోపలికి పెట్టి ఆ అతుకును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. మగ్గం ఆడతా ఉండంగా పోగు తెగితే ఆపకుండా అట్లనే పట్టుకునేది నేతోళ్లకు అలవాటు. వేడి మితిమీరితే వేళ్లకే ముందు తెలస్తాది అనుకున్నాడు. మునీంద్ర ఇసుక బక్కెట్టు, తడి గోనెసంచి తెచ్చి పక్కన పెట్టినాడు.

పొద్దెక్కినాక తులసీరాం వచ్చినాడు. పట్టుపంచె కట్టుకొని, బొట్టు పెట్టుకొని, మంచి హుషారుగా వచ్చినాడు. షెడ్డులోకి అడుగు పెట్టంగానే నిలిచిపోయినాడు. వాసన తగిలినట్టుండాది.

"వైరు కాలతాండాది."

తులసీరాం వంగి సీటు కింద సూసినాడు. దేవేంద్ర వేళ్ల మధ్య పాత వైరు కనపడింది. పాత కారు వైరు, ఎర్ర గుడ్డ చుట్టింది, ఆయన ఎరగనిదా?

"ఏం చెప్పినాను నేను నీకు?" అన్నాడు. "ఇదేనా నువ్వు చేసే సత్యం? మా ఆమె ఈ కారులోనే గదా కాలింది. తియ్యి బయటికి. ఇప్పుడే పీకెయ్యి."

"పీకతా సార్. పొద్దున్నే పీకాల్సింది. తప్పు నాదే. కానీ ఇప్పుడు వద్దు సార్. మీ కాళ్లు పట్టుకుంటా, చెయ్యి ఖాళీ లేదు గానీ. ఆమెను సూడండి."

తులసీరాం వెనక సీటు సూసినాడు. చంద్రిక సంగతి ఆయనకు తెలుసు, తిరపతి దాకా తెలుసు. ఆయన లాడ్జిలో దిగే నగరి బేరాలోళ్లు ఆమెకు బిడ్డల్ని అప్పజెప్పి వచ్చిన సంగతి మామూలుగా చెప్పుకుంటా ఉంటారు. నిమ్మకాయలు ఆమె తల కింద నలగతా ఉండాయి, పూలదండ ఆమె చేతి కింద ఉంది. లేపాలని చెయ్యి చాపినాడు. ఆ చెయ్యి గాల్లోనే నిలిచింది.

ఆయన ఫోను మోగింది. ఒక్కసారికే ఎత్తేసి షెడ్డు బయటికి నడిచినాడు. లోపలికి మాటలు వినపడతానే ఉండాయి.

"లేదు ప్రసూనా, బయలుదేరలేదు... పూజ ఈపొద్దు కాదులే. కారు బాగానే ఉండాది... ఏం లేదు, ఆడ ఒకామె నిద్రపోతాండాది." ఆ పక్కనుంచి వాళ్లామె ఏదో అడిగినట్టుండాది. తర్వాత "ఆ, ఆమే" అన్నాడు.

తిరిగొచ్చి, స్టూలు లాక్కొని, పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, ఇసుక బక్కెట్టు తన పక్కకు జరుపుకొని కూర్చున్నాడు. ఆ కోపం పోయిందని నేను చెప్పను, పోలేదు. అయినా కూర్చున్నాడు.

మధ్యాన్నం దాటింది. దేవేంద్ర వేళ్లు మొదట ఎర్రబడినాయి, తర్వాత బొబ్బలు లేచినాయి. చెయ్యి మార్చుకుంటే అతుకు కదిలి టకటక నిలిచిపోతాదని మార్చుకోలేదు. ఒకసారి పొగ లేచింది. తులసీరాం లేచి, గోనెసంచి కొసను నీళ్లలో ముంచి, దేవేంద్ర మణికట్టు చుట్టూ చుట్టి మళ్లీ కూర్చున్నాడు. కండ్లలోంచి నీళ్లు కారి దేవేంద్ర చెవుల్లోకి పోతా ఉండాయి, నొప్పికో దేనికో. "ఇంకొంచెం ఆడు తల్లీ, ఇంకొంచెం" అని ఆ అగ్గిపెట్టంత డబ్బీకి మొక్కుకుంటా ఉండాడు. ఇది ఆగితే ఆమె లేస్తాది. లేస్తే మళ్లీ ఆ గుంకని పొద్దే. ఈసారి ఆమె గుండె ఓర్చుకోదు, వాడి గుండె గూడా ఓర్చుకోదు.

పొద్దు వాలేటప్పుడు రిలే ఒకసారి తడబడింది. టక్ అనింది. ఇంకోసారి టక్ అనింది. లోపల ముల్లు కాలి నిలిచిపోయింది.

షెడ్డులో చప్పుడు లేదు. రోడ్డు మీద బస్సు పోయిన చప్పుడు గూడా దూరంగా ఉన్నింది. ముగ్గురూ వెనక సీటు కల్లే సూస్తా ఉండారు. మునీంద్ర పెదాలు కొరుక్కుంటా ఉండాడు. చంద్రిక కదిలింది. చేత్తో ఏదో తడుముకొని పూలదండను దగ్గరికి లాక్కొనింది. పక్కకు తిరిగి మళ్లీ పడుకునింది.

అప్పుడు బయట పొద్దు గుంకింది. తులసీరాం బస్సెక్కి తిరపతికి వెళ్లిపోయినాడు, కారు అక్కడే పెట్టి. పోయేటప్పుడు "రేపు పీకు" అని మాత్రం చెప్పినాడు.

తెల్లారినాక దేవేంద్ర కాలిన వేళ్లకు గుడ్డ చుట్టుకొని పాత కొసను పీకడానికి కూర్చున్నాడు. బ్లేడు తీసుకున్నాడు, కింద పెట్టినాడు. మళ్లీ తీసుకున్నాడు. ఇది కోస్తే ఆమెకు ఇంగో గుంకని పొద్దు మొదలయితే? మాట ఇచ్చినాడు, కోయక తప్పదు. కోయాలంటే చెయ్యి రాదు. ముందుకూ పోలేక వెనక్కూ పోలేక అట్లనే కూర్చున్నాడు.

ప్రసన్నకుమారి పరుగెత్తుకుంటా వచ్చింది, చేతిలో సత్తు గిన్నె.

"అన్నా, అక్క నిద్రపోతాండాదని విని నిన్న పాలు మీ పొయ్యి కాడ పెట్టి పోయినాను, తోడేసి. సూడన్నా ఇది."

గిన్నె వంచి చూపించింది. గడ్డ పెరుగు, కదల్లేదు.

ఆ మాటలకు చంద్రిక లేచింది. లేచి కూర్చొని, కండ్లు నలుపుకొని, ఒళ్లు విరుచుకునింది. జుట్టులో పూరేకులు అంటుకొని ఉండాయి. కారు దిగి వచ్చి దేవేంద్ర చేతి గుడ్డ సూసింది, వాడి ముందర ఉన్న పాత కొస సూసింది. వైరు రెండో చివర తాను పట్టుకొని బిగించి లాగింది. మగ్గం కాడ ఇద్దరూ పడుగు సరిచేసేటప్పుడు ఆమె అట్లనే పట్టేది.

"కొయ్యి మామా, నేను పట్టుకున్నా" అనింది.

దేవేంద్ర కోసినాడు. జానెడు పాత వైరు ఆమె చేతిలో మిగిలింది. దాన్ని వేలికి చుట్టుకుంటా, ఏదో గుర్తొచ్చినట్టు నిలిచి, వాడి కల్లా సూసింది. మూడేండ్లుగా రాని నీళ్లు అప్పుడు ఆమె కండ్లలోకి వచ్చినాయి.

"నిన్న మన మగ్గాలు తీసకపోయినారు గదా మామా" అనింది. "నిన్ననే గదా అమ్మ పోయింది."

"అవునమ్మా" అన్నాడు దేవేంద్ర. "నిన్ననే."